మాలలో ఉండగా చెప్పిన మాట

కార్తీకంలో మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్న మర్నాటి నుంచీ మా ఇంట్లో కుక్కరు ఈల వినబడుతుంది. మిగతా ఏడాదంతా కుక్కరు ఈల వేయదని కాదు. ఆయన గొంతు కింద అది ఎవరికీ వినబడదు.

ఆయన పేరు ధర్మరాజు. మేముండేది టాటానగర్లో. ఆదిత్యపూర్‌లో ఒక ఫోర్జింగ్ షాపులో పెద్ద సుత్తి మిషను దగ్గర పని. ఎర్రగా కాలిన ఇనప ముద్ద మీద రోజంతా పడే దెబ్బల మధ్య పక్కవాడికి మాట చేరాలంటే కడుపులోంచి అరవాలి. ఆ గొంతునే సాయంత్రం భాలుబాసాలో మా రెండు గదుల ఇంటికి తెచ్చుకుంటారు. కూరలో ఉప్పు తగ్గినా అదే గొంతు, దేవుడికి హారతి పాడినా అదే గొంతు. ఆ అరుపులో సగం కోపం, సగం అలవాటు. ఏది ఏ సగమో తెలియక నేనూ అమ్మాయీ అన్నిటికీ ఒకేలా తల దించుకుంటాం.

మాల మెడలో పడితే మాత్రం మనిషి మారిపోతారు. కోప్పడకూడదు, కఠినమైన మాట అనకూడదు, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ స్వామీ అనే పిలవాలి. నన్నూ, అమ్మాయినీ అయితే మాతా అంటారు. "మాతా, కాసిన్ని మంచినీళ్ళు" అంటే మొదటి రోజు ఎవరిని పిలుస్తున్నారో అని వెనక్కి తిరిగి చూస్తాను. ఏడాదికోసారి మా ఇంటికి ఒక నెమ్మదైన మనిషి చుట్టపుచూపుగా వచ్చి, శబరిమల వెళ్ళి రాగానే వెళ్ళిపోతాడని లోపల నవ్వుకుంటాను. నవ్వుకున్నందుకు స్వామి పటం ముందు లెంపలు కూడా వేసుకుంటాను.

మా తనూజకి ఇదంతా నాకన్నా బాగా తెలుసు. అది సాక్చీలో కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మేము తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది, అది కూడా సగమే వినబడేట్టు. అలాంటిది ఆ ఏడు దసరా వెళ్ళిన కొత్తలో వంటింట్లో నా పక్కన చేరి, తాను ఒక బ్యాండులో పాడుతున్నానని చెప్పింది. పక్కింటి జాకీ డ్రమ్ములు వాయిస్తాడట, సూరజ్ అనే అబ్బాయి గిటారట. ఆదివారాలు అగ్రికోలో సూరజ్ వాళ్ళ క్వార్టరు వెనక గదిలో సాధన చేస్తారట. డిసెంబరులో ఆదిత్యపూర్‌లో కచేరీ ఉందట.

"మీ నాన్నకి తెల్సా?" అన్నాను.

"పహలే మాలా పహన్‌నే దో" అంది. ముందు మాల వేసుకోనీ, అప్పుడు చెబుతానని. మాలలో ఉంటే అరవలేరు. కచేరీ కూడా మాల తీసేలోపే అయిపోతుంది.

"మరి మాల తీసేసినాక?"

అది చేతిలో చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది. "ఛోడ్ దూఁగీ" అంది చివరికి. మానేస్తానని. "నాన్న అరిస్తే ఛోడ్ దూఁగీ, అమ్మా. ఒక్కసారి స్టేజి మీద పాడితే నాకు చాలు."

చాలు అన్న మాట అన్నం దగ్గర విన్నాను గానీ, ఆ వయసు పిల్ల తన ఇష్టం గురించి అలా అంటే వినడం అదే మొదలు.

*

మాల వేసిన తొలి ఆదివారం. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, పూజ అయిపోయాయి. ఆయన చాప మీద కూర్చుని పటికబెల్లం ప్రసాదం పెడుతున్నారు. తనూజ దోసిలి పట్టి అందుకుంది. నోట్లో వేసుకోకుండా అలాగే పట్టుకుని, కళ్ళు నేలకి దించి, బ్యాండు, పాట, డిసెంబరు, ఆదిత్యపూర్ అన్నీ ఒకే గుక్కలో చెప్పేసింది.

ఆయన మెడలో నరం పొంగింది. ఆ నరం నాకు బాగా తెలుసు. దాని వెనకే గొంతు వస్తుంది. నేను గుమ్మం పట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని "స్వామి శరణం" అన్నారు. ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. నరం మెల్లిగా కిందికి దిగింది.

"ఏటి పాటలు, మాతా?"

"మెటల్, స్వామీ."

"మెటలా? వారమంతా నేను కొట్టేది అదే కదేటి?"

"వో నహీఁ... ప్రోగ్రెసివ్ పవర్ మెటల్."

అదేమిటో చెప్పడం దాని వల్ల కాలేదు. గోడ అవతల బ్రష్షు నోట్లో పెట్టుకుని నిలబడ్డ జాకీని పిలిచాం. వాడు నోరు కడుక్కుని వచ్చి గోడ మీద మోచేతులు ఆన్చాడు.

"మామూలు పాటైతే మొదలెట్టినకాడే తిరుగుద్ది అంకుల్. ఇది అలక్కాదు. మజ్జిలో తాళం మారిపోద్ది, దారి మారిపోద్ది, ఎక్కడికో ఎల్లి మళ్ళీ కలుత్తాది. ఒక్కో పాట అన్నం తిన్నంతసేపు ఉంటాది. నా డ్రమ్ము గుర్రంలాగ పరిగెడతాది, దాని మీద గొంతు ఎగరాల. అందరి గొంతూ అంత పైకి ఎల్లదు. తనూజది ఎల్తాది."

"మా తనూజదా?" అన్నారాయన, జాకీ పొరపాటున ఇంకెవరి పేరో చెప్పినట్టు.

"మరెవుల్ది అంకుల్?"

ఆయన కూతురి వైపు చూశారు. అది ఇంకా దోసిలి పట్టుకునే ఉంది. బెల్లం చెమటకి కరిగి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

"కబురు సెప్తన్నావా మాతా, నన్ను పిలుత్తన్నావా?"

ఆ ప్రశ్న అది అనుకోలేదు. అరుపు రాకుండా ఎలా తప్పించుకోవాలో ఆలోచించుకుంది గానీ, ఆయన వస్తారన్న ఊహే దానికి లేదు. నా వైపు చూసింది.

"ఆప్... ఆయేంగే?"

"పిలిత్తే వత్తాను" అన్నారు.

తరవాత ఆయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మాలలో ఉన్నప్పుడు వేరే పొయ్యి, వేరే గిన్నెలు కాబట్టి లోపలికి రారు. అక్కడే నిలబడి అడిగారు. "కస్తూరీ, ఈ మాట నాకు మాల్లో ఉన్నప్పుడే సెప్పాలని ఆగింది కదా అమ్మాయి?"

మాతా అనడం మర్చిపోయి పేరు పెట్టి పిలిచారు. అబద్ధం చెప్పలేక నేను పిండి కలుపుతూ ఉండిపోయాను. ఆయన మెడలో మాలని ఒకసారి ముట్టుకుని చూసుకుని వెళ్ళిపోయారు.

*

దీక్షలో పాటకచేరీలకి వెళ్ళొచ్చా అన్నది ఇంకో చిక్కు. సినిమా చూడకూడదు, వేడుకలకి పోకూడదు. గురుస్వామి సీతారామరావు గారింటికి ఇద్దరం వెళ్ళాం. ఎన్నోసార్లు కొండెక్కిన పెద్దాయన, రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయారు. అంతా విని, "అది వినోదమేటి స్వామీ, కూతురేటి?" అని అడిగారు.

"కూతురే, గురుస్వామీ."

"అయితే ఎల్లండి. సాయంత్రం పూజ సేసుకోండి. బయట తిండి ముట్టకండి. అక్కడ ఏదైనా సూసి కోపం వచ్చినాదనుకోండి, నోరు తెరిసి శరణం సెప్పుకోండి. లోపల అనుకుంటే సాలదు, మీ కోపం లోపల అనుకుంటే దిగే రకం కాదు."

ఆయన తలూపారు. నాకు ఎప్పటి నుంచో మనసులో ఉన్న మాట నోట్లోంచి వచ్చేసింది. "గురుస్వామీ, మా ఆయన ఈ మాల ఏడాదంతా ఏసుకుని ఉండిపోకూడదా?"

సీతారామరావు గారు పళ్ళు లేని నోటితో హాయిగా నవ్వారు. "ఏడాదంతా ఉంటే అది మెడలో ఉన్నట్టే తెలీదమ్మా. అప్పుడు మాల్లోనే అరుత్తారు."

మా ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను గానీ దారి పొడుగునా ఆలోచించాను. ఆ పూసల్లో ఉన్నది దేవుడే అయితే, మాల తీసి డబ్బాలో పెట్టగానే ఆ దేవుడు ఎక్కడికి వెళుతున్నట్టు? నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. అడిగితే తప్పేమో కూడా తెలియదు.

*

కచేరీ రోజు సాయంత్రం పూజ ముగించుకుని ఆటోలో బయల్దేరాం. తనూజ మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. జాకీ తల్లి సువర్ణకుమారి మాతో వచ్చింది. చర్చికి వెళ్ళేటప్పుడు కట్టుకునే తెల్ల చీర కట్టుకుని, చేతిలో దూది ఉండ పట్టుకుంది.

"ఏటి వదినా, దూది?"

"సెవుల్లోకి. మావోడు చర్చిలో వాయించినపుడే పాస్టరు గారు కిటికీలు తీయించేత్తారు. ఇక్కడ ఆణ్ణి ఆపేవోళ్ళు కూడా నేరు."

ఆదిత్యపూర్‌లో పని ఆగిపోయిన ఒక పాత షెడ్డులో పెట్టారు కచేరీ. ఆటో దిగేసరికి చీకటి పడుతోంది. గేటు దగ్గర ఓ గుంపు. అందరూ నల్ల చొక్కాలు, అందరికీ గడ్డాలు. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆయనా నల్ల లుంగీలో, నల్ల శాలువాలో, పెరిగిన గడ్డంతో, నుదుట విభూతితో ఉన్నారు.

"సూసినావా, ఎంతమంది స్వాములు వచ్చినారో!" అని నాతో అని, గబగబా ముందుకెళ్ళి మొదటి గడ్డం అబ్బాయికి రెండు చేతులూ జోడించి, "స్వామి శరణం!" అన్నారు.

ఆ అబ్బాయి తిరిగాడు. చొక్కా మీద ఇంత పుర్రె, దాని కళ్ళల్లోంచి మంటలు. కాళ్ళకి మోకాళ్ళ దాకా బూట్లు. మా ఆయన చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. అబ్బాయి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. నల్లబట్టలు, గడ్డం, మెడలో దండలు, చలికాలంలో వట్టి కాళ్ళు. తనూ రెండు చేతులు జోడించి వంగి, పక్కవాడితో అన్నాడు, "భాయ్, అసలీ మెటల్ తో అంకుల్ హైఁ!" అసలైన మెటల్ అంటే ఈ అంకులేనని.

సువర్ణకుమారి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అదే నవ్వు నాకూ వచ్చింది గానీ ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

లోపల నేల మీద ఇంకా ఇనప రజను ఉంది. ఇందాకటి పుర్రె చొక్కా అబ్బాయే ఎక్కణ్ణించో పెద్ద అట్టపెట్టె తెచ్చి, చింపి, ఆయన కాళ్ళ కింద పరిచాడు. "యహాఁ ఖడే రహియే, అంకుల్. లగ్ జాయేగా." కాళ్ళకి ఏదైనా గుచ్చుకుంటుందని. "సల్లగా ఉండు స్వామీ" అన్నారీయన. ఆ పిల్లవాడి తల్లి ఎవరో గానీ నేను మనసులో ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాను.

తనూజ వాళ్ళ బ్యాండు పేరు ఖర్కాయ్. "ఏరు పేరెట్టుకున్నారేటి" అన్నారు ఆయన, బాగానే ఉందన్నట్టు. కోల్‌కతా నుంచి వచ్చిన పెద్ద బ్యాండు తరవాత పాడుతుందట. వీళ్ళది ముందు.

మొదలయింది. ఎలా చెప్పాలో నాకు తెలియదు. నేను చెవులతో వినలేదు, ముందు ఛాతీలో వినబడింది. మంగళసూత్రాలు గుండె మీద వణికాయి. జాకీ రెండు కాళ్ళతో డ్రమ్ము కొడుతున్నాడు, వర్షాకాలంలో రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు. సువర్ణకుమారి "ప్రభువా!" అని దూది సగం చేసి నాకిచ్చింది. ముందు వరసల్లో పిల్లలు జుట్టు విరబోసుకుని తలలు ఊపుతున్నారు, మా ఊళ్ళో అమ్మవారి పండక్కి పూనకం వచ్చినవాళ్ళలా. కొందరు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. తగాదా అనుకుని మా ఆయన అట్ట దిగి, "స్వామీ, స్వామీ, తన్నుకోకండి" అంటూ వెళ్ళబోయారు. ఇంతలో ఒకడు పడ్డాడు. తోసినవాళ్ళే నలుగురూ వంగి వాణ్ణి లేపి, దుమ్ము దులిపి, మళ్ళీ తోసుకోవడం మొదలుపెట్టారు. ఆయన వెనక్కి వచ్చి అట్ట మీద నిలబడ్డారు.

తనూజ నల్ల చుడీదారులో ఉంది. పెద్ద పాట మొదలుపెట్టింది. యుద్ధంలో అందరూ పారిపోయాక కోట గోడ మీద ఒంటరిగా మిగిలిన కాపలా మనిషి పాటని జాకీ ముందే చెప్పాడు. మా అమ్మాయే రాసిందట. గొంతు వినబడుతోంది గానీ ఆ మోతలో అది దానిదో మిషనుదో నాకు తెలియలేదు. పాట ఒక దారిన పోతూ పోతూ ఆగి, ఇంకో దారికి తిరిగి, పైకెక్కుతోంది. అది కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే మైకులు పోయాయి. గిటార్లూ పోయాయి. జాకీ డ్రమ్ము ఒక్కటే కాసేపు మోగి, అదీ ఆగిపోయింది. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి, ఆ వెలుగులో మా పిల్ల నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

ముందు ఈలలు వేశారు. వైర్ల దగ్గర ఇద్దరు పరిగెత్తారు. ఎంతకీ రాలేదు. అప్పుడు గుంపులోంచి ఎవడో అరిచాడు. "అరే, ఘర్ జా కే రోటీ బనా!" ఇంటికెళ్ళి రొట్టెలు చేసుకోమని. కొందరు నవ్వారు. తనూజ తల దించుకుంది. మా ఇంట్లో దించుకున్నట్టే, అచ్చం అలాగే. ఇంకాసేపు ఉంటే దిగిపోతుందని నాకు తెలిసిపోయింది. ఒక్కసారి చాలనుకున్న పిల్ల, ఆ ఒక్కసారీ సగంలో వదిలేసి దిగిపోతుంది.

మా ఆయన మెడ వైపు చూశాను. నరం పొంగింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. నేను శాలువా కొస పట్టుకుని, "ఏవండీ, మాల... మాల..." అన్నాను. దీక్షంతా ఈ షెడ్డులో పోతుందనుకున్నాను. ఆయన నోరు తెరిచారు.

"స్వామియే!"

సుత్తి మిషను పక్కన అరిచే గొంతు అది. రేకుల కప్పు దాకా వెళ్ళి, అక్కడున్న పాత క్రేనుకి తగిలి తిరిగొచ్చింది. షెడ్డు మొత్తం నిశ్శబ్దమైపోయింది. అందరూ వెనక్కి తిరిగారు. మా ఆయన అట్టముక్క మీద వట్టి కాళ్ళతో, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నారు.

ఎక్కణ్ణించో వెనక నుంచి, మనవాళ్ళ పిల్లలో, మలయాళీ పిల్లలో, ఇద్దరు ముగ్గురు జవాబిచ్చారు. "శరణమయ్యప్పా!"

జవాబు వచ్చాక ఆపే అలవాటు ఆయనకి లేదు. ఏళ్ళ తరబడి భజనలో ముందు పిలిచేది ఆయనే. "హరిహర సుతనే!" అన్నారు. ఈసారి పది మంది. తరవాతి పిలుపుకి షెడ్డు సగం. ఏమి అంటున్నారో తెలియని పిల్లలు కూడా చేతులు ఎత్తి, వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, అందరితో పాటు అరిచారు. పుర్రె చొక్కా అబ్బాయి అందరికన్నా గట్టిగా అరిచాడు. రొట్టెలన్నవాడు అందులో ఎక్కడ కలిసిపోయాడో!

స్టేజి మీద తనూజ రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. సిగ్గుతో చచ్చిపోతోందనుకున్నాను. చేతులు తీసింది. నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వుతోంది.

పిలుపులు ఆగాయి. ఆ ఆగిన చోట, మైకు లేకుండానే, అది పాట ఎత్తుకుంది. ఎక్కడ తెగిందో అక్కడే, ఆ పైమెట్టు మీదే. నేను చెవుల్లో దూది పీకేశాను. ఆ గొంతు షెడ్డంతా నిండింది. నా కడుపున పుట్టిన పిల్ల గొంతు, ఇన్నేళ్ళూ సగమే విన్న గొంతు, ఇంత ఉందని నాకు తెలియదు. ఎక్కడ దాచుకుందో, ఎవరికి భయపడి దాచుకుందో మాత్రం తెలుసు. ఆయనకీ తెలిసిందనుకుంటాను. కళ్ళు తెరిచి చూస్తున్నారు. మళ్ళీ మైకులకి కరెంటు వచ్చి, గిటార్లు, డ్రమ్ములు అన్నీ వచ్చి దాని వెనక చేరినా ఆయన చూపు తిప్పలేదు.

తనూజ, జాకీ సామాన్లు సర్దుకుని వస్తామన్నారు; మా ఆటో ఖర్కాయ్ వంతెన దాటింది. సువర్ణకుమారి నా పక్కన కునుకుతోంది. ఆయన నాతో చిన్నగా అన్నారు. "కోపం మింగేద్దామని అన్నాను, కస్తూరీ. ఆళ్ళు జవాబు సెప్పేసినారు. నేనేటి సెయ్యను?"

"ఏటీ సెయ్యక్కర్లేదు. ఊరుకోండి" అన్నాను.

పుర్రె బొమ్మల మధ్య స్వామి పేరు అలా పలకడం తప్పా ఒప్పా అని నేనూ ఆలోచిస్తూనే ఉన్నాను. అక్కడ ఉన్న నల్లబట్టల పిల్లలు మా ఆయనకి అట్ట పరిచారు, పడినవాణ్ణి లేపారు, పిలిస్తే పలికారు. తప్పయితే స్వామే చూసుకుంటాడులే అనుకున్నాను.

*

ఆయన కొండకి వెళ్ళారు. ఇరుముడి నెత్తిన పెట్టుకుని టాటానగర్ స్టేషన్లో రైలెక్కుతుంటే తనూజ వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన ఏదో అనబోయి, గుంపులో నెట్టేస్తుంటే ఎక్కేశారు.

తిరిగొచ్చిన రోజున స్నానం చేసి, పటం ముందు కూర్చుని, నా చేత మాల తీయించుకున్నారు. తీస్తుంటే నా చేతులు నెమ్మదిగా కదిలాయి. తనూజ గది గుమ్మంలోంచి చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు.

మూడు నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఆదివారం వచ్చింది. తనూజ సంచీ భుజాన వేసుకుని అగ్రికో వెళ్ళడానికి తయారయింది. అప్పుడే మేడ మీద ట్యాంకు నిండి నీళ్ళు వాకిట్లోకి ధార కట్టాయి.

"మోటారు కట్టలేదేటి ఎవులూ! నీల్లన్నీ కాలవలోకి పోతన్నాయి! ఇంట్లో మనుసులు సచ్చినారా?" ఆయన గొంతు ఎప్పటిలాగే వీధి చివరికి వెళ్ళింది. గుమ్మంలో తనూజ కనబడింది. "ఎక్కడికి బయల్దేరినావు? ఆ గోలకేనా? ఒకపాలి పాడేసినావు కదా, అయిపోనాది కదా! ఇంకేటి?"

నా చేతిలో జల్లెడ ఆగిపోయింది. తనూజ తల దించుకుంది. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళింది. సంచీ మేకుకి తగిలించిన చప్పుడు వినబడింది. అయిపోయిందనుకున్నాను. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి వెళ్ళిపోయాడు, పిల్ల ఇష్టాన్ని కూడా వెంట తీసుకుపోయాడు.

మేకు మీంచి సంచీ తీసిన చప్పుడు వినబడింది. అది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాన్నా! నేను ఎల్తాను!"

నేను ఉలిక్కిపడ్డాను. ఆ షెడ్డులో విన్న గొంతే.

"ఇయ్యాలే కాదు, ప్రతి ఆదోరం ఎల్తాను! మీరు ఎంత అరిత్తే నేనూ అంత అరుత్తాను! నాకూ వచ్చు!"

ఆయన వాకిట్లో నిలబడిపోయారు. నెత్తి మీద నీళ్ళు పడుతున్నాయి. పక్కకి జరగడం కూడా తోచలేదు. నేను ఆయన మెడ వైపు చూశాను. చాలాసేపు చూశాను. నరం కనబడలేదు.

గోడ మీంచి సువర్ణకుమారి తల లేచింది. "ఏటయిపోయింది వదినా? ఎవుల్దా అరుపు?"

నేను నోరు విప్పేలోపే ఆయన ఏదో అన్నారు.

"ఏటన్నారు అన్నయ్యా? వినబళ్ళేదు!"

"మా తనూజ గొంతు, సెల్లెమ్మా" అన్నారాయన, ఇంకోసారి.

తనూజ మెట్లు దిగి, నీళ్ళ ధార తప్పించుకుని, ఆయన పక్క నుంచే గేటు దాటింది. ఆగలేదు. ఆయన తడి మొహం తుడుచుకుని మోటారు స్విచ్చు దగ్గరికి వెళ్ళారు. "నేనే ఏసి మర్సిపోయినాను" అని స్విచ్చుతో అన్నారు. నేను విననట్టే ఉన్నాను.

ఆ తరవాత ఆయన అరవడం మానేశారని చెప్పను. అరుస్తూనే ఉన్నారు. అయితే ఇప్పుడు మా ఇంట్లో దానికి జవాబు ఉంటుంది. ఒక్కోసారి ఇద్దరూ అరుచుకుని, ఇద్దరికీ గొంతు రాసుకుపోతే, వేడినీళ్ళు ఇద్దరికీ నేనే పెడతాను.

ఆ ఆదివారం మాత్రం జల్లెడ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని పటం ముందు కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే ఏదో ఒకటి అడగడం నాకు అలవాటు. ఎంత ఆలోచించినా అడగడానికి ఏమీ తోచలేదు. నువ్వు బాగున్నావా స్వామీ అని అడిగి, లేచి వచ్చేశాను.